గైడ్ గొంతు

మే 6, బుధవారం

డ్రమ్స్ రికార్డింగ్ అయిపోయింది. చివరి పాట చివరి దెబ్బ కొట్టాక బావమరిది చొక్కా పిండితే చిన్న బకెట్ నిండేది. కర్రలు ఒళ్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ ఈ పాటలన్నీ ఎక్కడ దాచావు బావా అని అడిగాడు. హోటల్ గదుల్లో అన్నాను. నిజమే మరి. మా బృందం గాయకుడు, లోకమంతా అన్న అని పిలిచే మనిషి వెనక గిటార్ పట్టుకుని ఊళ్లు తిరిగిన ముప్పై ఏళ్లలో, కచేరీకీ కచేరీకీ మధ్య, మంచం అంచున కూర్చుని, పక్కగదివాళ్లు తలుపు బాదకుండా మెల్లిగా మీటుకున్న పాటలే ఇవన్నీ. గట్టి గిటార్లు, గుక్క తిప్పుకోకుండా పైకి లేచే కోరస్‌లు. ఇప్పుడిలాంటివి ఎవరు వింటారని కంపెనీవాళ్లే మొదట నసిగారు. తర్వాత ఎందుకో ఒప్పుకున్నారు.

అన్నకు మోకాలి ఆపరేషన్ కావడంతో సెప్టెంబరు దాకా కచేరీలు లేవు. ఈ సందు దొరక్కపోతే సొంత ఆల్బమ్ అనే మాట నా నోట వచ్చేదే కాదు.

పాడటానికి ఒక గాయకుణ్ణి మాట్లాడాం. అతను వచ్చేదాకా మిగతావాళ్లకు బాణీ తెలియాలి కాబట్టి నేనే పాడి పెట్టాను. దాన్ని గైడ్ అంటారు. అసలు గొంతు వచ్చాక చెరిపేస్తారు. చెరిపేసేదే కదా అని హాయిగా పాడాను. నాకేం కంగారు లేదు.

మే 9, శనివారం

రికార్డింగ్ ఇంజినీరుకు మేం పెట్టుకున్న పేరు చెవులమ్మ. పక్కగదిలో ఫ్యాను చెడిపోబోతోందని వారం ముందే చెప్పేస్తుంది. ఒకప్పుడు సామాన్ల గిడ్డంగిగా ఉన్న భవనంలో పై అంతస్తు తీసుకుని, కిటికీలన్నీ మూయించి, గోడలకు దళసరి గుడ్డ కొట్టించి స్టూడియో చేసుకుంది. లోపల ఎండో వానో తెలియదు.

ఇవాళ నేను సోలోలు వాయిస్తుంటే మధ్యలో ఆపి, గైడ్ ఒకసారి ఒంటరిగా వినిపించింది. డ్రమ్స్ లేవు, గిటార్ లేదు, నా గొంతొక్కటే. నాకు ఒళ్లంతా ముళ్లు మొలిచినట్టయింది. కట్టెయ్యమ్మా అన్నాను.

"మాస్టారూ, దీన్ని చెరపాలంటే నాకు చెయ్యి రావట్లేదు" అంది.

గాయకుడు వస్తే అదే వస్తుంది అన్నాను. ఆమె నవ్వలేదు.

మే 13, బుధవారం

గాయకుడు వచ్చాడు, వెళ్లాడు.

మంచి మనిషి. మర్యాదస్థుడు. తన మైకు, తన నీళ్ల సీసా తనే తెచ్చుకున్నాడు. ముందు గైడ్ వింటానన్నాడు. మూడో పాట సగం దాకా విని, హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని అడిగాడు.

"గైడ్ అన్నగారు పాడారు కదండీ? ఆయనే పాడేశాక ఇంక నేనెందుకు?"

చెవులమ్మ బోర్డు మీద ఏదో మీట తిప్పుతున్నది కాస్తా ఆగిపోయింది. నేను నవ్వాను. "అవును, ఏదో సరదాకి పాడి పెట్టారు" అన్నాను.

అలా ఎందుకన్నానో తెలియదు. కాదు, తెలుసు. నేనే పాడానంటే తర్వాత వచ్చే ప్రశ్న నాకు తెలుసు.

అతను రెండు పాటలు శుభ్రంగా పాడాడు. ఇస్త్రీ చేసిన బట్టలా ఉంది. మూడోదాని పైస్థాయి అందలేదు. మూడుసార్లు చూసి, అన్నగారి పక్కన నన్ను నిలబెట్టకండి సార్ అని నవ్వుతూనే చెప్పి వెళ్లిపోయాడు.

ఈ సంగతి నేనెక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తాను, ఎవరు చూస్తారు గనక. పన్నెండేళ్ల కిందట అన్న గొంతుకు ఆపరేషన్ జరిగింది. గొంతు తిరిగి వచ్చింది గానీ పైస్థాయి రాలేదు. తర్వాత జరిగిన మొదటి కచేరీలో, అందరూ ఎదురుచూసే కోరస్ దగ్గర అన్న నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. ఎడమ పక్క మైకులో వంత పాడటానికి సిద్ధంగా ఉన్న నేను వంత వదిలేసి ఆయన వరస అందుకున్నాను. అంతే. జనం ఎప్పటిలాగే ఊగిపోయారు. అన్న నా వైపు చూడలేదు. వ్యాన్‌లో కూర్చున్నాక తన వేడినీళ్ల ఫ్లాస్కు నా చేతిలో పెట్టాడు.

అప్పటినుంచి అంతే. కచేరీల్లోనూ, రికార్డుల్లోనూ. ఇన్నేళ్లూ ఆయనతో కలిసి పాడీ పాడీ, ఆయన అక్షరం ఎక్కడ విరుస్తాడో నేనూ అక్కడే విరుస్తాను. ఏది ఎవరిదో ఇప్పుడు నాకే తెలియదు. బృందంలో తెలిసినవాళ్లకు తెలుసు. ఎవరూ మాట్లాడరు. నేనూ అన్నా అసలు మాట్లాడుకోలేదు.

మే 14, గురువారం

బాగా నిద్రపోయాను. గొంతు కొంచెం గరగర. వేరే గాయకుణ్ణి చూడాలి.

మే 18, సోమవారం

కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఏదో వాయిదా చెప్పడానికే చేస్తాడు. ఇవాళ గొంతులో పండగ. అన్నగారు పాడారని మాకు ఒక్క మాట చెప్పలేదేంటి సార్ అన్నాడు. ఆ గాయకుడు ఎక్కడో అన్నాడట, అది ఆ నోటా ఈ నోటా పడి ఇక్కడికొచ్చింది. అన్నిటికీ ఆయన గొంతే ఉంచండి, వేరేవాళ్లను వెతకద్దు అన్నాడు.

చెప్పబోయాను. ఇంకో ఫోన్ వస్తోందని పెట్టేశాడు.

మే 19, మంగళవారం

కంపెనీకి ఫోన్ చేయాలి.

మే 20, బుధవారం

చేశాను. దొరకలేదు.

మే 21, గురువారం

నిన్న రాసింది అబద్ధం. చేయలేదు. నా డైరీలో నేనే అబద్ధం రాసుకునేటంత వచ్చింది వ్యవహారం.

మే 25, సోమవారం

కంపెనీవాళ్లు ప్రకటించేశారు. నా పేరు, దాని కింద నా ఫొటో, దానికంటే పెద్ద అక్షరాల్లో అన్న పేరు. అందరికీ ఫోన్లలో తిరుగుతోంది.

పొద్దున్నే బావమరిది ఊడిపడ్డాడు. అన్న ఎప్పుడొచ్చి పాడాడు, నాకు ఒక్క మాట చెబితే చూసుకునేవాణ్ణి కదా అని నిష్ఠూరమాడాడు. అతనికి అన్న అంటే ప్రాణం. నేను టీ చల్లార్చుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ కళ్లద్దాల దుకాణానికి వెళ్లే తొందరలో సంచి సర్దుకుంటూ, తమ్ముడి వైపు చూడకుండానే అంది:

"అన్న రాలేదు, పాడలేదు. ఇంటికి తెచ్చి వినిపించారుగా, అది మీ బావ గొంతు. గడ్డం గీసుకుంటూ రోజూ పాడే గొంతు నాకు తెలియదా?"

బావమరిది నన్ను చూశాడు, అక్కను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. అతని మొహంలో లెక్క నడుస్తోంది. పాత రికార్డులు ఒక్కొక్కటే తీసి వింటున్నట్టుంది. చివరికి, "అయితే ఆ రికార్డులో... ఆ ముందుదాంట్లో కూడా?" అని మెల్లగా అన్నాడు.

టీ తాగరా అన్నాను.

వెళ్లేటప్పుడు చెప్పులు తప్పు కాళ్లకు వేసుకుని, మళ్లీ మార్చుకున్నాడు.

మే 27, బుధవారం

అన్న ఫోన్. రేపు మధ్యాహ్నం స్టూడియోకి వస్తున్నాను అన్నాడు. కోపంగా లేడు. అదే భయంగా ఉంది. తిడితే బాగుండేది.

ఏమీ తినలేదు. గిటార్ తీగలు మార్చాను, అవసరం లేకపోయినా.

మే 28, గురువారం

అన్న చేతికర్రతో మెట్లెక్కి వచ్చాడు. మోకాలికి పట్టీ ఉంది. సోఫాలో కూర్చుని, కాలు చాపుకుని, వినిపించమన్నాడు. చెవులమ్మ నా వైపు చూసింది. తలూపాను.

మూడో పాట పెట్టింది. అన్న కళ్లు మూసుకున్నాడు. కోరస్ రెండోసారి వచ్చేసరికి ఆయన కంఠం దగ్గర నరం కదులుతోంది. నోరు మూసుకునే, లోపల పాడుతున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. నేల మీద వైర్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

పాట అయ్యాక చెవులమ్మను టీ తాగి రమ్మన్నాడు. తలుపు మూసుకుంది. ఆ గదిలో తలుపు మూస్తే నిశ్శబ్దం చెవుల్ని నొక్కుతుంది.

"బాగా చేశావురా" అన్నాడు.

పొరపాటు నాదేనని, ఆ గాయకుడు అడిగితే నోటికొచ్చింది అనేశానని, రేపే కంపెనీకి చెప్పేస్తానని గబగబా అప్పజెప్పాను. ఆయన చెయ్యెత్తాడు, పాట ఆపమన్నట్టు.

"ఎందుకు చెప్పడం? ఉండనీ. నా పేరుంటే నలుగురూ వింటారు. నాకూ ఈ వయసులో ఇలాంటిది ఒకటి పాడానని ఉంటుంది. ఎవరికి నష్టం?"

కాసేపు మోకాలి పట్టీ సవరించుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు.

"నువ్వు పాడావని తెలిస్తే జనం ఊరుకోర్రా. పాతవన్నీ తీసి పక్కపక్కన పెట్టి వింటారు. అప్పుడు ఇన్నేళ్లూ నేనేం పాడినట్టు?"

పన్నెండేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం ఇదే మొదటిసారి. అదీ గొంతు పెంచకుండా, అన్నం వడ్డించమని అడిగినట్టు. చూద్దాం అన్నా అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట ఇంకోటి లేదు.

మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. బరువంతా వేశాడు. వేదిక మీద కొండలా కనిపించే మనిషి, ఇంత తేలికా అనిపించింది.

మే 30, శనివారం

అన్న చెప్పింది సబబుగానే ఉంది. ఆల్బమ్ జనంలోకి వెళ్లడం ముఖ్యం. పాటలు నావి, గిటార్ నాది, అవి ఎటూ పోవు. గొంతు ఎవరిదైతేనేం? పైగా ఆయన లేకపోతే నేనెక్కడ ఉండేవాణ్ణి. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన మనిషి. ఇందులో బాధపడటానికేముంది.

ఇదంతా భోజనం దగ్గర మా ఆవిడకు వివరంగా చెప్పాను. ఆమె విని, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, దుకాణంలో మనుషులతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"రోజంతా నేను ఒకటే అడుగుతాను. ఈ అద్దంతో బాగుందా, ఆ అద్దంతో బాగుందా అని. చాలామంది నాకు నచ్చేది చెబుదామని చూస్తారు, తమకు కనిపించేది కాదు. మీరూ అలాగే చెప్తున్నారు."

ఏది బాగుందో నాకే తెలియడం లేదు అన్నాను.

"తెలియకపోతే గంటసేపు ఎందుకు చెప్పారు?" అని కంచాలు తీసింది.

మే 31, ఆదివారం

బావమరిది రాలేదు. ఆదివారం రాకపోవడం ఇదే మొదలు.

జూన్ 2, మంగళవారం

ఆల్బమ్ అట్ట నమూనా పంపారు. నేను గిటార్ మీదికి వంగి ఉన్నాను, మొహం సగం చీకట్లో. నా పేరు కింది మూలన. పైన బంగారు రంగులో అన్న పేరు, ‘గానం’ అని. దుకాణంలో చేతికి తీసుకున్నవాళ్లు ఇది అన్న ఆల్బమే అనుకుంటారు. అనుకోవడమేమిటి, అదే రాసి ఉంది.

చాలాసేపు చూశాను. కోపం రాలేదు. ఫొటోలో ఆ వంగిన మనిషిని చూస్తే జాలేసింది, ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు. చొక్కా మార్చుకుని కంపెనీకి బయల్దేరాను.

మేనేజరు గదిలో ఏసీ గురక పెడుతోంది. కూర్చోగానే చెప్పేశాను, ఆ గొంతు నాదేనని. అతను నవ్వాడు. నేను నవ్వలేదు కాబట్టి కొంచెం తగ్గించాడు. "సార్, మీరు చాలా గొప్ప గిటారిస్టు" అన్నాడు. ఆ మాటల్లోనే అంతా ఉంది.

నిరూపించడానికి నా దగ్గరేముంది? పాడాను. కుర్చీలో కూర్చునే, గిటార్ లేకుండా, బల్ల మీద వేళ్లతో తాళం వేసుకుంటూ మూడో పాట ఎత్తుకున్నాను. మొదటి చరణం వణికింది. దగ్గొచ్చింది. మేనేజరు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇక్కడ ఆపేస్తే చచ్చినా మళ్లీ నోరెత్తలేనని తెలుసు. లేచి నిలబడ్డాను. కోరస్‌లోకి వెళ్లాను. అది నాకు తెలిసిన చోటే, చీకట్లో కూడా దారి తెలిసిన చోటు. పైకి వెళ్లింది. బయట టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. తలుపు దగ్గర ఇద్దరు ఉద్యోగులు వచ్చి నిలబడ్డారు. ఒకామె చేతిలో ఫోన్ ఉంది, ఎత్తలేదు.

పాడాక కుర్చీలో కూర్చున్నాను. మేనేజరు నీళ్లిచ్చాడు. నేను తాగాక, "అయితే సార్, అన్నగారి పాటల్లో ఆ పైన వచ్చేది..." అని మొదలుపెట్టాడు.

"అన్న పాటలు అన్నవి" అన్నాను. "నా పాటలు నావి. అట్ట మీద అలా వేయండి."

సాయంత్రం అన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన విన్నాడు. సరే అని పెట్టేశాడు. సరే అంటే ఏ సరే?

జూన్ 3, బుధవారం

గొంతు పూర్తిగా బొంగురు. చెవులమ్మకు ఫోన్ చేసి గైడ్ చెరపొద్దని చెప్పాను. చెరుపుతానని మీరెలా అనుకున్నారు మాస్టారూ అంది.

జూన్ 7, ఆదివారం

బావమరిది వచ్చాడు. ఏమీ అనకుండా కూర్చుని, మూడు చపాతీలు తిని, నీ గొంతేనని ముందే చెప్పి ఉంటే డ్రమ్స్ కొంచెం మెల్లగా కొట్టేవాణ్ణి బావా అన్నాడు. గొంతు వినబడాలి కదా అట.

జులై 10, శుక్రవారం

ఆల్బమ్ విడుదల. పాత ప్రకటనలో అన్న పేరు పొరపాటున పడిందని కంపెనీవాళ్లు సవరణ వేశారు, అట్ట మీద గానం దగ్గర నా పేరే ఉంది. ఇంట్లో అందరం మామూలుగానే ఉన్నాం. ఎవరమూ మామూలుగా లేం.

జులై 14, మంగళవారం

అనుకున్నది రానే వచ్చింది. అనుకున్నట్టు కాదు, తిరగేసి.

నేను భయపడ్డది జనం పాత పాటలతో పోల్చుకుంటారని. పోల్చుకున్నారు. పోల్చుకుని, వీడు అన్నను మక్కీకి మక్కీ దించాడన్నారు. ఒకాయన రాశాడు: గిటార్ అద్భుతం, పాటలు బాగున్నాయి, కానీ ఈ వయసులో యజమాని గొంతు అరువు తెచ్చుకోవడమెందుకు అని. ఇంకొకడు నకలు అన్నాడు, ఒకే మాట. ఒకమ్మాయి మాత్రం మూడో పాట విని బస్సు దిగాల్సిన చోట దిగడం మరిచిపోయానని రాసింది. అది పదిసార్లు చదివాను. తర్వాత నకలు అన్నవాడిది ఇరవైసార్లు చదివాను.

అన్న నుంచి ఏమీ లేదు.

జులై 22, బుధవారం

రేడియోలో మాట్లాడి వచ్చాను. చిన్న గది, పెద్ద మైకు. అడిగే అతనిది మెత్తటి గొంతు, దూదిలో సూది పెట్టినట్టు. పాటల గురించి, గిటార్ గురించి హాయిగా మాట్లాడించి, చివర్లో అడిగాడు. కొందరు మిమ్మల్ని అన్నగారి నకలు అంటున్నారు, ఏమంటారు?

ఆ గాజు కిటికీ అవతల ఎర్రదీపం వెలుగుతోంది. చెప్పాల్సిన జవాబు నాలుక మీదే ఉంది. ఒక్క వాక్యం. అది చెబితే నేను బయటపడతాను. అన్న చేతికర్ర గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నేనేం పాడినట్టు అన్నప్పుడు తల ఎత్తకపోవడం గుర్తొచ్చింది.

"ముప్పై ఏళ్లు ఒకాయన పక్కన నిలబడితే ఆయన గాలి సోకదా? నాలో మంచిదేమైనా వినిపిస్తే అది ఆయన దగ్గర నేర్చిందే" అన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో రేడియో కట్టేసి, దాని వైపే చూస్తూ నిలబడి ఉంది. ఆమె మాట్లాడకపోతే ఇల్లంతా ఎక్కడో కొళాయి కారుతున్నట్టుంటుంది. చివరికి అంది:

"ఆయన్ని కాపాడారు. బాగుంది. మిమ్మల్నెవరు కాపాడతారు?"

నేను బాగానే ఉన్నానని చెప్పాను.

జులై 23, గురువారం

బాగా లేను.

ఆగస్టు 11, మంగళవారం

మా బృందంలో బేస్ గిటార్ వాయించే మిత్రుడు కనిపించాడు. సెప్టెంబరు కచేరీలకు రిహార్సల్ ఎప్పుడో అన్న దగ్గర్నుంచి కబురొచ్చిందన్నాడు. నీకూ వచ్చే ఉంటుందిగా అన్నాడు. ఆఁ అన్నాను.

రాలేదు.

ఆగస్టు 12, బుధవారం

ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు మోగింది. ఒకటి బావమరిది, మూడో పాట ఎవరి కారులోనో వినిపించిందని. రెండోది తప్పు నంబరు. ఆ తప్పు నంబరు మనిషితో కూడా కాసేపు మాట్లాడాను.

ఆగస్టు 19, బుధవారం

నా స్థానంలో ఇంకొకణ్ణి చూస్తున్నారేమో. చూస్తే తప్పేముంది. నాకిప్పుడు సొంత ఆల్బమ్ ఉంది కదా. విశ్రాంతిగా ఉంటుంది. చెవుల్లో ఎప్పుడూ ఉండే ఆ సన్నటి కూత ఇవాళ మరీ ఎక్కువగా ఉంది.

మా ఆవిడ నన్ను తన దుకాణానికి తీసుకెళ్లి కళ్లు పరీక్ష చేసింది. దగ్గరివి బాగానే కనబడుతున్నాయి, దూరానికే భయపడుతున్నారు అంది. కళ్ల గురించేనా అని అడిగాను. చార్టు చదవండి అంది.

ఆగస్టు 29, శనివారం

అన్న ఫోన్ చేశాడు. ఈ సోమవారం కాక వచ్చే సోమవారం రిహార్సల్, రా అన్నాడు. వస్తాను అన్నాను. ఇంకేం లేదు. అందరి ముందే వద్దని చెప్పడానికా? అలా చేసే మనిషి కాదు. ఏమో, ఇప్పుడెలాంటి మనిషో నాకేం తెలుసు.

సెప్టెంబరు 7, సోమవారం

ముందు నుంచి రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

హాలుకు నేనే ముందు వెళ్లాననుకున్నాను. అన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. చేతికర్ర లేదు. ఒంటరిగా మైకు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, గొంతు సవరించుకుంటున్నాడు. నన్ను చూసి, వేడినీళ్లు తాగుతావా అన్నాడు. వద్దన్నాను. గిటార్ పెట్టె తెరవాలా వద్దా తెలియక దాని పక్కనే నిలబడ్డాను.

"రేడియో విన్నానురా" అన్నాడు. "అబద్ధం బాగా చెప్పావు."

అంతలో మిగతావాళ్లు వచ్చారు. వైర్లు తగిలించుకున్నారు. అందరూ నాకు ఎప్పటికంటే ఎక్కువసార్లు ఎలా ఉన్నావని అడిగారు. అందరూ కూర్చున్నాక అన్న లేచాడు.

"పాటలన్నీ శ్రుతి రెండు మెట్లు దించి వాయించండి" అన్నాడు.

కీబోర్డు అతను తడబడ్డాడు. అంత కిందికి దించితే ఆ ఊపు రాదేమో అన్నా అన్నాడు.

"రాకపోతే రాదు. నాకొచ్చేది అంతవరకే." మా ఎవ్వరి వైపూ కాకుండా, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీల వైపు చూస్తూ చెప్పాడు. "ఇన్నేళ్లూ పైన పాడింది వీడు. మీ అందరికీ తెలుసు. నాకూ తెలుసు. బయట వాణ్ణి నకలంటున్నారు. ఇకనుంచి నా పాటలు నేను పాడుకుంటాను. జనం విని, వాళ్లకు తెలియాల్సింది వాళ్లే తెలుసుకుంటారు."

కీబోర్డు అతను ఊడిపోని వైరును ఊడదీసి మళ్లీ పెట్టాడు. నేనేదో అనబోయాను. అన్న అప్పటికే నా వైపు వీపు పెట్టి బృందం డ్రమ్మర్‌కు లెక్క చూపిస్తున్నాడు.

మొదలుపెట్టాం. దించిన శ్రుతిలో నా వేళ్లకు అలవాటైన చోట్లన్నీ మారిపోయాయి. కొత్త ఇంట్లో స్విచ్చులు తడుముకున్నట్టుంది. అన్న పాడాడు. అన్న గొంతు ఒక్కటే, నా ఊతం లేకుండా, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి విన్నాను. గరుగ్గా ఉంది. అంచులు అరిగిపోయి ఉన్నాయి. కానీ ప్రతి మాటా ఆయనే పలుకుతున్నాడు, ఎక్కడా దాక్కోవడం లేదు.

కోరస్ వచ్చింది. ఎక్కాడు. మెట్టు అందలేదు, గొంతు చీలింది. నా నోరు దానంతటదే తెరుచుకుంది. ఒక్క క్షణం. మూసుకున్నాను. ఇంకో కోరస్ వచ్చింది, మళ్లీ చీలింది. ఆయన కంగారుగా ఎడమ పక్కకు చూశాడు. నేను గిటార్ వాయిస్తూ ఆయన్నే చూస్తున్నాను. తల అడ్డంగా ఊపాను, నేను రాను అన్నా అన్నట్టు.

అన్న చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. ఆయన తప్పుకు పాట ఆగడం ఈ బృందంలో నేనెన్నడూ చూడలేదు. మొహం ఎర్రబడింది. చొక్కా చేతితో నుదురు తుడుచుకుని, మైకు పట్టుకుని, బడిపిల్లాడిలా గొంతు సవరించుకున్నాడు.

"మళ్లీ" అన్నాడు.

మొదటి నుంచి ఎత్తుకున్నాం.